మట్టిబాటల్లో మూడు రోజుల సైకిల్ యాత్ర – మా సన్నాహాలు

సైకిల్ తొక్కడం మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. మన ఇండ్లలో సైకిల్ అంటే పనిముట్టు. పాల క్యాన్లు, గడ్డిమోపు, బియ్యం బస్తా, బడికి పోయే ఇద్దరు పిల్లలు అన్నీ దాని మీదనే. అందుకే "మూడు రోజులు సైకిళ్ళ మీద మట్టిబాటల వెంట తిరిగి, రాత్రిళ్ళు గుడారాల్లో పండుకుంటాం" అని చెప్తే మా ఇండ్లలో అందరూ నవ్వారు. సామాను, వంటపాత్రలు వెనుక బండిలో వస్తాయని తెలిశాక ఇంకో ప్రశ్న వచ్చింది. "సామానంతా బండి మోస్తే మీరు చేసేదేంది?" న్యాయమైన ప్రశ్నే. మేము నాలుగు నెలలుగా చేస్తున్న సన్నాహాలన్నీ దానికి జవాబే కనుక, తమ్ముళ్ళకు ఉపయోగపడుతుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

మేము పదకొండు మందిమి. అందరం ఈ హాస్టల్ అన్నం తిన్నవాళ్ళమే. కొందరం పీజీ, కొందరం డిగ్రీ, ఇద్దరు ఐటిఐ. రాబోయే సంక్రాంతి సెలవుల్లో వికారాబాదు నుంచి అనంతగిరి, కోట్‌పల్లి ప్రాజెక్టు, పెద్దేముల్ మీదుగా తాండూరు చేరాలని అనుకున్నాం. తారు రోడ్డు మీద వికారాబాదు నుంచి తాండూరుకు సుమారు 40 కిలోమీటర్లే, ఒక పూటలో పోవచ్చు. కానీ మేము పోయేది పొలాల బండ్లబాటలు, చెరువు కట్టలు, మొరం దారుల వెంట. చుట్టు తిరిగి రోజుకు 25 కిలోమీటర్లు పెట్టుకున్నాం. తక్కువ అనిపిస్తుంది గానీ మట్టిలో ఒక కిలోమీటరు తారు మీద రెండింటి పెట్టు అని మొదటి వారంలోనే తెలిసిపోయింది.

ఇటువంటి యాత్రలు కొత్తవి కావు. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వారు హిమాచల్ ప్రదేశ్‌లో జలోరీ కనుమ వైపు సైకిల్ యాత్రలు నడిపారు. 2008లో మొదలైన టూర్ ఆఫ్ నీలగిరీస్‌లో కూడా తొక్కేవాళ్ళు తొక్కుతుంటే సామాను బండ్లు వెంట వస్తాయి, అయితే అది తారు రోడ్ల యాత్ర. వీటన్నిటికంటే మమ్మల్ని కదిలించింది 1897 నాటి సంగతి. అమెరికా సైన్యంలో 25వ పదాతి దళం నల్లజాతి సైనికుల దళం. వారిలో ఇరవై మంది ఒక తెల్ల అధికారి కింద, మొంటానాలోని మిసూలా కోట నుంచి సెయింట్ లూయిస్ నగరం దాకా సైకిళ్ళ మీద పోయారు. సుమారు 1,900 మైళ్ళు, అంటే మూడు వేల కిలోమీటర్ల పైమాట. జూన్ 14న బయలుదేరి జూలై 24న చేరారు, 41 రోజులు. అప్పుడు వెంట వచ్చే బండి లేదు. దాదాపు వంద మైళ్ళకొక చోట తిండి సామాను ముందే చేర్చి పెట్టారు. నెబ్రాస్కా ఇసుకలో చక్రాలు దిగబడితే సైకిళ్ళు నెట్టుకుంటూ నడిచారు. చెడ్డ నీళ్ళు తాగి జబ్బు పడ్డారు. ఇంత చేసినా తిరుగు ప్రయాణానికి సైన్యం వారిని రైలెక్కించింది, ప్రయోగం అక్కడితో ముగిసింది. ఆ కథ చదివాక మేము నేర్చుకున్న మొదటి పాఠం వీరత్వం గురించి కాదు, నీళ్ళ గురించి. ప్రాజెక్టు నీళ్ళు గానీ వాగు నీళ్ళు గానీ కాచకుండా తాగేది లేదని అదే రోజు రాసుకున్నాం.

ఇక దారి సంగతి. మన అనంతగిరి కొండలకు ఒక విశేషం ఉంది. ఇక్కడ పుట్టిన మూసీ తూర్పుకు పోయి హైదరాబాదు దాటి కృష్ణలో కలుస్తుంది. ఇక్కడే పుట్టిన కాగ్నా పడమటికి తాండూరు పక్కగా కర్ణాటకకు పోయి భీమలో కలుస్తుంది. అంటే ఈ కొండ నీళ్ళను రెండు దిక్కులకు పంచే గట్టు. వికారాబాదు సముద్రమట్టానికి సుమారు 640 మీటర్ల ఎత్తున ఉంటే తాండూరు 450 మీటర్ల దగ్గర ఉంది. కాబట్టి వికారాబాదు నుంచి బయలుదేరితే మొత్తం మీద దిగుడు, తాండూరు నుంచి బయలుదేరితే ఎక్కుడు. మాలో కొందరు ఎక్కుడు లేనిది యాత్ర ఎట్లా అవుతుందని వాదించారు. మధ్యలో వాగులు దిగి ఎక్కడానికి ఎక్కుళ్ళు ఎట్లాగూ చాలా ఉన్నాయి. కాళ్ళు అలసిన మూడోరోజు దారి కొంచెం కనికరిస్తే తప్పేమిటని మిగిలినవాళ్ళం గెలిచాం.

నేల కూడా దారిపొడవునా ఒకటి కాదు. వికారాబాదు వైపు ఎర్రమట్టి, మొరం. గట్టి నేల మీద సన్న గులకరాళ్ళు గోలీల్లా పరుచుకొని ఉంటాయి. దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టామా, చక్రం జారి మనిషి పడతాడు. ఇక్కడ మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి, వెనుక బ్రేకు ముందు, ముందు బ్రేకు మెల్లగా. పెడళ్ళు రెండూ సమానంగా పెట్టి, సీటు మీది నుంచి కొంచెం లేచి, బరువు వెనక్కి జరపాలి. పెద్దేముల్ దాటి తాండూరు వైపు పోతుంటే నల్లరేగడి వస్తుంది. ఎండిన రేగడిలో ట్రాక్టరు చాళ్ళు రాయిలా గట్టిపడతాయి, చక్రం ఒకసారి చాలులో పడితే బయటికి రాదు. వాన పడిందంటే ఇంకో బాధ. మట్టి టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య బిగుసుకొని చక్రం తిరగనే తిరగదు. అప్పుడు దిగి, గడ్డి ఉన్న గట్టు మీద నడిపించడం, పుల్లతో గీకడం తప్ప మార్గం లేదు. అందుకే మడ్‌గార్డులు విప్పి బండిలో వేస్తున్నాం.

ఇంకొకటి, తాండూరు కంది 2022లో భౌగోళిక గుర్తింపు పొందిందని మనందరికీ గర్వమే. కానీ కంది కోసిన చేనులో మిగిలే కొయ్యలు సైకిల్ ట్యూబుకు పరమ శత్రువులు. కోతలయ్యే కాలంలోనే మా యాత్ర కాబట్టి చేనుకు అడ్డం పడి పోవద్దని, ఎంత చుట్టయినా బాట వెంటే పోవాలని నియమం. అది రైతుకూ మర్యాద.

సైకిళ్ళ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా పదకొండింటిలో నాలుగు లావు టైర్ల గేరు సైకిళ్ళు, పట్నంలో పాతవి కొన్నవి. మిగతావి ఇంటి సైకిళ్ళు. వాటిలో మూడు మా నాయినలవి. ఒక మిత్రుని నాయిన రోజూ పొద్దున అదే సైకిల్ మీద తాండూరు బండల పాలిషింగ్ యూనిట్‌కు పోతాడు. సైకిల్ లేకుంటే ఆటో కిరాయికి కూలిలో కోత పడుతుంది. మా యాత్ర తేదీలు పండుగను బట్టి పెట్టుకోలేదు, పండుగకు ఆ యూనిట్ బందు ఉండే మూడు రోజులను బట్టి పెట్టుకున్నాం. యాత్ర తాండూరులో ముగించడానికి అసలు కారణం కూడా అదే. నాలుగోరోజు పొద్దున ఆ సైకిల్ ఉన్నదున్నట్టు ఆయన వాకిట్లో ఉండాలి. కాబట్టి ఆ మూడు సైకిళ్ళకు ముందు కొత్త ట్యూబులు, బ్రేకు రబ్బర్లు కొన్నాం, మా వాటికి ఆ తర్వాతే. రాళ్ళ దిగుళ్ళలో వాటిని తొక్కకుండా నడిపించాలని కూడా అనుకున్నాం.

ఏ సైకిలైనా చూడవలసినవి కొన్ని ఉన్నాయి. చక్రాన్ని పైకెత్తి తిప్పితే రిమ్ము అటూఇటూ ఊగరాదు. పుల్లలను రెండేసి చొప్పున వేళ్ళతో నొక్కితే అన్నీ ఒకే బిగువు ఉండాలి. సీటు మీద కూర్చుని మడమ పెడల్ మీద పెడితే, పెడల్ కింద ఉన్నప్పుడు కాలు నిటారుగా రావాలి. మనలో చాలామంది సీటు కిందికి పెట్టుకొని తొక్కుతాం, సాయంత్రానికి మోకాళ్ళు పట్టుకుంటాం. గాలి సంగతి: తారు మీద గట్టిగా ఉన్న గాలి మొరం మీద ఎగరేస్తుంది. బొటనవేలితో నొక్కితే కొంచెం లోపలికి పోయేంత తగ్గించాలి. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. రెండు చిల్లులు కనబడితే అది ముల్లు పని కాదని, గాలి తక్కువైందని గుర్తు. పంక్చరు వేయడం పదకొండు మందికీ రావాలి. మాకు నేర్పినాయన ఊరి సైకిల్ షాపు తాత. ఒక్కొక్కరం ఆయన ముందు చక్రం విప్పి, ప్యాచ్ వేసి, తిరిగి బిగించి చూపించాం.

ఒంటి తయారీకి ఎనిమిది వారాలు పెట్టుకున్నాం. మొదటి రెండు వారాలు వారానికి మూడుసార్లు పది కిలోమీటర్లు. తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ వచ్చాం. అయితే అన్నిటికంటే ముఖ్యమైనది శని, ఆదివారాలు రెండు రోజులు వరుసగా తొక్కడం. ఒక్కరోజు 40 కిలోమీటర్లు ఎవరైనా తొక్కుతారు. రెండోరోజు పొద్దున అదే సీటు మీద మళ్ళీ కూర్చోవడమే అసలు పరీక్ష! నొప్పి కూర్చునే చోట, అరచేతుల్లో, మెడలో వస్తుంది. మందమైన కుట్టు లేని నిక్కరు, చేతులకు పాత గ్లవుజులు దీనికి మందు. తిండి ఆకలి కాకముందే తినాలి, నీళ్ళు దప్పిక కాకముందే తాగాలి. బజారులో దొరికే ఖరీదైన పొట్లాల జోలికి పోలేదు. పల్లీపట్టీలు, అటుకులు, అరటిపండ్లు, మధ్యాహ్నానికి జొన్నరొట్టె. ఉప్పు, చక్కెర కలిపిన ఓఆర్ఎస్ నీళ్ళు ప్రతి ఒక్కరి సీసాలో.

ఇప్పుడు వెనుక వచ్చే బండి. అది ఒక మిత్రుని మామ నడిపే కూరగాయల ట్రాలీ ఆటో. గుడారాలు, దుప్పట్లు, వంటసామాను, బియ్యం, నీళ్ళ డబ్బాలు, విడి టైర్లు అందులో. మొదట అందరికీ ఒక భ్రమ ఉండేది, బండి ఉంది కదా అన్నీ దాంట్లో వేసేద్దామని. కానీ మట్టిబాట మీద బండి మన వెంటే రాదు. అది రోడ్డు వెంట పోయి ముందే అనుకున్న చోట ఆగుతుంది. మధ్యలో ఐదారు కిలోమీటర్లు మనమే మనకు దిక్కు. చెట్ల మధ్య ఫోను సిగ్నలు కూడా ఉండదు. కాబట్టి రెండు లీటర్ల నీళ్ళు, ఒక ట్యూబు, పంపు, పానా, ప్యాచ్ సామాను, ఈల, కొంచెం తిండి, పేరు, రక్తం గ్రూపు, ఇంటి నంబరు రాసిన చీటీ ఎవరివి వారి దగ్గరే ఉండాలి. ముందు ఒకరు, అందరికన్నా వెనుక ఒకరు. వెనుకవాణ్ణి ఎవరూ దాటిపోనియ్యరాదు. బాట చీలిన ప్రతిచోటా ముందువాడు ఆగి, తన వెనుకవాడు కనబడ్డాకే కదలాలి. ఈ ఒక్క నియమం ఉంటే మనిషి తప్పిపోడు.

ఆ మామ డీజిలు ఖర్చు ఇస్తే చాలన్నాడు. మేము ఒప్పుకోలేదు. మూడు రోజుల కిరాయి లెక్కగట్టి ఖర్చులో మొదట అదే రాశాం. వంటకు వచ్చే అక్కకు కూడా రోజుకూలి. 2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల బిడ్డలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు మనం ఎంత సంబరపడ్డామో అందరికీ తెలుసు. వారు భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి, డార్జిలింగులో, లడాఖ్ చలిలో శిక్షణ పొంది అంతదాకా పోయారు. అదే ఏడాది ఏప్రిల్ 18న ఆ కొండకు నేపాల్ వైపున మంచు విరిగిపడి పదహారు మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఎక్కేవాళ్ళ కోసం దారి సిద్ధం చేసేవాళ్ళు, సామాను మోసేవాళ్ళు. మన తల్లిదండ్రులు ఇన్నేండ్లూ ఒకరి బరువు మోసినవాళ్ళే. ఈ మూడు రోజులు మన బరువు ఇంకొకరు మోస్తున్నారంటే వారి అన్నం, నిద్ర, కూలి మన దానికంటే ముందు చూడాలని మా అభిప్రాయం. వంట అక్కకు, మామకు మంచి గుడారం ఇస్తున్నాం. మాకు టార్పాలిన్ పట్టాలు చాలు.

రాత్రి మజిలీల కోసం ముందే తిరిగి చూసి వచ్చాం. అనంతగిరి రిజర్వు అడవి, అటవీశాఖ వారి అనుమతి లేకుండా అందులో గుడారం వేయడం నేరం, ఎండాకుల్లో మంట పెట్టడం అంతకన్నా ప్రమాదం. కాబట్టి మొదటి రాత్రి కోట్‌పల్లి దగ్గర ఊరివాళ్ళను అడిగి ఊరి పక్కనే, రెండో రాత్రి పెద్దేముల్ వైపు ఒక మిత్రుని కల్లంలో. దామగుండం అడవి కూడా చూద్దామని ఒకరు అన్నారు గానీ, అక్కడ నౌకాదళ సమాచార ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది, అటు పోవద్దనుకున్నాం. గుడారం వాగు అడుగున వేయరాదు, ఎండుకొమ్మల కింద వేయరాదు. పొద్దున బూట్లు దులపకుండా కాలు పెట్టరాదు, తేళ్ళుంటాయి. జనవరిలో వికారాబాదు చలి మన అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్కొక్కరికి రెండు దుప్పట్లు.

ఇంకా మిగిలిన పని హెల్మెట్లు. ఏడు దొరికాయి, నాలుగు కావాలి. అవి దొరకకుంటే ఆ నలుగురు వంతులవారీగా బండిలో వస్తారు గానీ ఉత్త తలతో తొక్కరు. జనవరి మొదటి ఆదివారం హాస్టల్ వెనుక జాగాలో పదకొండు సైకిళ్ళనూ తలకిందులు పెట్టి చివరిసారి చూస్తాం. నేర్చుకోదలచిన తమ్ముళ్ళు రావచ్చు, పాత అంగీలు వేసుకొని రండి, గ్రీజు అంటితే పోదు.