పాత ట్రక్కుకు క్రొత్త మాస్టర్ సిలిండరు

మూసిన పాత్రయందలి ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి ఏమాత్రమును తగ్గక అన్ని దిక్కులకు ప్రసరించునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ ప్రతిపాదించిన సూత్రము మోటారు బండి చక్రములను చేరుటకు రమారమి రెండున్నర శతాబ్దములు పట్టినది. ఇతర కంపెనీలు ఈ ద్రవపు బ్రేకులను స్వీకరించిన పిమ్మటను ఫోర్డు కంపెనీ ఇనుప కడ్డీల బ్రేకులనే పట్టుకొని వ్రేలాడి, 1939 నమూనాలలో గాని దారికి రాలేదు.

అమెరికాలో తయారైన ఫోర్డు ఎఫ్-100 పికప్పులలో 1966 నమూనా వరకును పెడలు త్రొక్కిన బలమును ద్రవముపై ఒత్తిడిగా మార్చు మాస్టర్ సిలిండరునకు గది యొక్కటియే. ఏ మూల పైపునకు రంధ్రము పడినను నాలుగు చక్రముల బ్రేకులును ఒక్కసారిగా పోవును. 1967 నుండి ముందు చక్రములకొకటి, వెనుక చక్రములకొకటిగా రెండు గదులు వచ్చినవి. పాత బండ్లను నేటికిని నడుపుకొనువారు రెండుగదుల సిలిండరును కొని తెచ్చుట ఇందువలననే. అయితే "ఇది మీ బండికి సరిపోవును" అని అంగడివాడు చెప్పు మాట తరచుగా బోల్టుల వరకే సత్యము.

అసలు చిక్కు పైపుల కొనలయందున్నది. 3/16 అంగుళపు పైపునకు సాధారణముగా అంగుళమునకు 24 మరలు గల 3/8 అంగుళపు నట్టుండును. క్రొత్త సిలిండరు రంధ్రమో 1/2 అంగుళము, 20 మరలు కావచ్చును, లేదా మిల్లీమీటరు కొలతలదే కావచ్చును. కొలత దగ్గరగా నున్న నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకొన్నంత మాత్రమున కుదిరినదని భ్రమపడి స్పానరుతో బలవంతము చేసినచో సిలిండరు మరలే చెడును. తగిన ఇత్తడి అడాప్టరు తెచ్చుకొనవలెను. పైపు కొనను నలుబది యైదు డిగ్రీల వాలుతో విప్పార్చి, అంచును లోనికి మరల మడచిన డబుల్ ఫ్లేరు ఒక రకము, బుడగవలె ఉబ్బించినది మరియొక రకము. ఒకదాని పీఠమున మరియొకటి కుదురదు. బ్రేకు చమురు కారకుండ ఆపునది ఈ కొనయే గాని మరలు కావు గనుక, మరలకు టెఫ్లాన్ టేపు చుట్టుట వ్యర్థమే గాక, దాని పీలికలు లోనికి పోయిన ప్రమాదము. వట్టి రాగి గొట్టము అదరుటకు బీటలు వారును. ఉక్కు, లేదా రాగి-నికెలు మిశ్రమపు పైపునే వాడవలెను.

ఏ రంధ్రము ఏ చక్రములకన్నది తయారీదారు కాగితమునుబట్టియే నిర్ణయింపవలెను. డిస్కు బ్రేకులకు పెద్ద తొట్టి నిచ్చుట వాడుక. ప్యాడ్లు అరిగినకొలదియు పిస్టన్లు ముందుకు జరిగి చమురు నెక్కువగా తీసికొనుట అందులకు కారణము. కొన్ని పాత పికప్పులలోవలె సిలిండరు క్యాబిన్ నేలక్రింద, డిస్కు కాలిపర్లకంటె పల్లమున నున్నయెడల, చమురు వెనుకకు జారకుండ రెండు పౌనుల రెసిడ్యువల్ వాల్వు పెట్టుదురు.

బిగించుటకు ముందు సిలిండరును వైసులో పట్టించి, రంధ్రములనుండి చిన్న గొట్టములను తొట్టిలోని చమురులో ముంచి, కడ్డీతో మెల్లమెల్లగా నొక్కుచు బుడగలు నిలిచిపోవువరకును గాలి తీయవలెను. పిమ్మట నట్లను మొదట చేతివ్రేళ్లతోనే ఎక్కించి, ఆపైననే ఫ్లేరు స్పానరు పట్టవలెను. పెడలు కడ్డీకి కొలది ఖాళీ నడక లేనిచో చమురు తొట్టిలోనికి తిరిగిరాక బ్రేకులు పట్టుకొనిపోవును. బ్రేకాయిలు అడుగంటినదని ఇంజనాయిలు పోయువారును లేకపోలేదు. దానితో రబ్బరు కప్పులు ఉబ్బి చెడును.

పని ముగిసిన వెంటనే బండిని వీధిలోనికి తీయకుడు. ఒకరు పెడలును గట్టిగా త్రొక్కి పట్టియుండగా మరియొకరు ప్రతి అదుకును పొడికాగితముతో అద్ది చూడుడు. కాగితము చెమ్మగిల్లినచో ఆ అదుకును విప్పి మరల చేయుడు.