తల్లి విషాదము – బిడ్డ నడవడి

పదునాలుగేండ్ల బాలుడు బడి మానుచున్నాడనియో, పెద్దలకెదురాడుచున్నాడనియో విన్నంతనే లోకము తల్లి పెంపకమును నిందించును. తల్లి దిగులుతో మూల గూర్చుండెనని విన్నచో, బిడ్డలే యామెను వేపుకొని తినుచున్నారనును. ఈ రెండు మాటలును సగము సత్యములే. తల్లి విషాదమును బిడ్డ దుర్నడతయు నొకదాని నొకటి పెంచుచు చక్రమువలె దిరుగుచుండును. ఆ చక్రమెట్లు తిరుగునో, దానినెచ్చట నాపవచ్చునో యీ వ్యాసమున వివరింపగోరుచున్నాము.

దుఃఖము అందఱకును కలుగును, కొన్నాళ్లకు తీరును. అట్లుగాక రెండు వారములు, అంతకుమించియు, దినములో హెచ్చుభాగము మనస్సు క్రుంగియుండుట, దేనియందును సంతోషము లేకుండుట, నిద్రాహారములు చెడుట, ఒడలు బరువగుట, చిన్నమాటకే విసుగు పుట్టుట, “నేనెందుకును పనికిరాను” అను తలంపు వదలకుండుట – ఇవి కూడినయెడల వైద్యులు దానిని డిప్రెషన్ అను వ్యాధిగా నెంతురు. అది సోమరితనము గాదు. గాలి సోకుటయు గాదు. దేవునియందు విశ్వాసము కొఱవడుటయు గాదు.

మన యిందుకూరుపేట ప్రాంతమున దిగులునకు కారణములు వెదకి తెచ్చుకొననక్కఱలేదు. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు సముద్రమున యంత్రపు పడవల వేట నిషిద్ధము గనుక మైపాడు తీరపు టిండ్లలో రాబడి తగ్గును. రొయ్యల చెఱువునకు తెగులు తగిలినయేడు అప్పే మిగులును. ఇంటి యజమానుడు త్రాగుడు మరగిన చెప్పనే యక్కఱలేదు. అయినను కష్టములున్న ప్రతి తల్లియు రోగి కాదు. ఏ కొఱతయు లేని యింటికిని ఈ రోగము రావచ్చును.

తల్లి మనస్సు క్రుంగినపుడు బిడ్డ మాట చెవినబడినను బదులు చెప్పు నోపిక యామెకుండదు. నిన్న కోపించిన తప్పును నేడు చూచియు నూరకుండును. కౌమారమునందలి బిడ్డకు గట్టు తెలియదు. కొందఱు, విశేషించి బాలికలు, దిగులును లోన దాచుకొని, తలనొప్పియనియు కడుపునొప్పియనియు చెప్పుచు, ఇంటి పనులన్నియు తమపై వేసికొందురు. కొందఱు, విశేషించి బాలురు, బడి యెగగొట్టి జగడములకు బోవుదురు. అంతట ఉపాధ్యాయుల ఫిర్యాదులును, ఇరుగుపొరుగువారి మాటలును తల్లిని జేరును. “నా పెంపకమే చెడినది” అని యామె మఱింత క్రుంగును. పిల్లవాడు కేకలు వేసిన తల్లి లోబడుననియు, లోబడిన కేకలు మానుననియు ఇరువురును నేర్చికొందురు. ఈ విధానమును అమెరికా దేశపు జెరాల్డ్ ప్యాటర్సన్ 1982లో తన గ్రంథమున విపులముగా వివరించెను.

ఇది రక్తసంబంధమున వచ్చునది మాత్రమే యందుమా? వంశముచే వచ్చు భాగము కలదు. కాని 2008లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ పండితులు ప్రకటించిన పరిశీలనలో, దత్తత చేసికొన్న తల్లికి విషాదవ్యాధి యున్నయెడలను ఆ యింటి కౌమారులకు మనోవ్యాధుల భయము హెచ్చుగనే యుండెను. కాబట్టి దినదినమును ఇంట జరుగు వ్యవహారమునకు గొప్ప శక్తి కలదు.

ఈ మాటలో నిరాశకంటె ఆశయే హెచ్చు. 2006లో కొలంబియా విశ్వవిద్యాలయపు మిర్నా వైస్‌మన్ మొదలగువారు విషాదమునకు చికిత్స పొందుచున్న తల్లులను, వారి 7 మొదలు 17 ఏండ్ల బిడ్డలను, 151 జతలను పరిశీలించిరి. మూడు నెలలలో నెమ్మదించిన తల్లుల బిడ్డలలో మనోవ్యాధులు నూటికి 11 వంతున తగ్గెను; నెమ్మదింపని తల్లుల బిడ్డలలో నూటికి 8 వంతున హెచ్చెను. తల్లికి చేయు వైద్యము బిడ్డకును మేలగునని దీనివలన స్పష్టమగుచున్నది. బిడ్డ నడవడి కుదుటబడినను తల్లి బరువు తగ్గును. చక్రమును ఏ వైపున నాపినను మేలే.

అడ్డువచ్చునది గుట్టు. మన జిల్లాలోని దూబగుంట స్త్రీలు అక్షరాస్యతా తరగతులలో కూడి మాటలాడుకొనువఱకు, సారావలని బాధను ఎవరికివారు తమ యింటి సిగ్గుగానే దాచుకొనిరి. మాట వెలువడిన పిమ్మట అది యుద్యమమై, 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. మనోవ్యాధి విషయమునను మొదటి మెట్టు నోరు విప్పుటయే.

తండ్రులారా, ఇంటి పనిని, బిడ్డల యదుపును పంచుకొనుడు. భార్యను వైద్యునియొద్దకు తోడ్కొనిపోవుటకు సిగ్గుపడకుడు. ఉపాధ్యాయులారా, ఫిర్యాదు పంపుటకు ముందు “అమ్మా, మీ యారోగ్యమెట్లున్నది?” యని యడుగుడు. విద్యార్థులారా, అమ్మ దిగులునకు మీరు దోషులు గారు. దానిని నయము చేయు భారమును మీది గాదు. నమ్మిన పెద్దవారితో చెప్పుడు. 2022 అక్టోబరు 10న భారత ప్రభుత్వమువారు ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఏ వేళ ఫోను చేసినను, ఖర్చు లేకుండ తెలుగుననే మాటలాడవచ్చును. ప్రాణముపై విరక్తి మాటలు తల్లి నోటనైనను బిడ్డ నోటనైనను వినబడినచో ఒక్క పూటయైనను జాగు చేయక, వారిని విడువక, వైద్యసహాయము కోరవలయును.

ఈ సంగతి చదివినవారు చదువనేరని తల్లులకును వినిపింతురుగాక యని మా మనవి.