కాలేయ కణితులకు కోత లేని చికిత్స – సకాలంలో గుర్తిస్తేనే ఫలితం

(ప్రత్యేక వ్యాసం)

కాలేయంలో కణితి ఉన్నదని తెలియగానే కడుపు కోసి పెద్ద ఆపరేషన్ చేయవలసిందేనని, లేదా ఇక చేయగలిగినదేమీ లేదని భావించడం గ్రామాలలో నేటికీ కనిపిస్తున్నది. అయితే కణితి చిన్నదిగా ఉన్న దశలో చర్మం గుండా సన్నని సూదిని పంపి, దానిని ఉన్నచోటనే వేడితో నిర్జీవం చేసే విధానం మూడు దశాబ్దాలకు పైగా వైద్యరంగంలో వినియోగంలో ఉన్నది. దీనిని వైద్య పరిభాషలో 'అబ్లేషన్' అంటారు.

కోనసీమలో అమలాపురం చెంతనున్న బండారులంక వంటి చేనేత గ్రామాలకు ఈ విషయం ఎంతో ముఖ్యమైనది. మగ్గం ఆడితేనే నేత కుటుంబానికి ఆదాయం. నేసే వ్యక్తి మంచాన పడితే కండెలు చుట్టే ఇంటివారి పని కూడా నిలిచిపోతుంది. కడుపు కోసి చేసే శస్త్రచికిత్స తరువాత పూర్తిగా కోలుకొనడానికి వారాలు పడుతుంది. అబ్లేషన్ చేయించుకున్న వారిలో అధికులు ఒకటి రెండు రోజులలో ఇంటికి చేరుకోగలుగుతారు.

చికిత్స జరిగే తీరు

అల్ట్రాసౌండ్ లేదా సీటీ స్కాన్‌లో కణితిని చూస్తూ వైద్యులు సూదిని దాని మధ్యకు చేరుస్తారు. రోగికి మత్తు ఇస్తారు. రేడియో ఫ్రీక్వెన్సీ విధానంలో సూది మొన నుండి వెలువడే విద్యుత్తు, చుట్టూ ఉన్న కణజాలంలో రాపిడిని కలిగించి వేడిని పుట్టిస్తుంది. ఉష్ణోగ్రత 60 డిగ్రీల సెల్సియస్ దాటగానే కణాలలోని మాంసకృత్తులు గడ్డకట్టి కణాలు మరణిస్తాయి. వేడి 100 డిగ్రీలు మించితే కణజాలం మాడి విద్యుత్ ప్రసారానికి అడ్డుపడుతుంది. అందువలన యంత్రం వేడిని అదుపులో ఉంచుతుంది. మైక్రోవేవ్ విధానంలో నీటి అణువుల కదలిక ద్వారా వేడి పుడుతుంది. ఇది మరింత వేగంగా, ఎక్కువ విస్తీర్ణంలో పనిచేస్తుంది.

కణితితో పాటు దాని చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల మేర ఆరోగ్యకరమైన భాగాన్ని కూడా నిర్జీవం చేయవలసి ఉంటుంది. అంచులలో కంటికి కనిపించని క్యాన్సర్ కణాలు మిగిలితే వ్యాధి తిరగబెట్టే అవకాశమున్నందున ఈ జాగ్రత్త అవసరం.

1980వ దశకంలో జపాన్ వైద్యులు కణితిలోకి ఆల్కహాల్ ఎక్కించే పద్ధతిని వాడుకలోకి తెచ్చారు. 1990లో అమెరికా, ఇటలీ పరిశోధకులు వేర్వేరుగా రేడియో ఫ్రీక్వెన్సీ ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. అనంతర సంవత్సరాలలో ఇది రోగుల చికిత్సకు వచ్చింది.

ఎవరికి ఉపయోగం

కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్ అయితే, 3 సెంటీమీటర్ల లోపు పరిమాణంలో మూడుకు మించని కణితులున్న వారికి ఈ చికిత్స అనువైనది. 2 సెంటీమీటర్ల లోపు ఒకే కణితి ఉన్నవారిలో ఫలితాలు శస్త్రచికిత్సకు దాదాపు సమానంగా ఉంటాయి. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకినప్పుడు ఏర్పడే చిన్న కణితుల విషయంలోనూ అబ్లేషన్ శస్త్రచికిత్సకు తీసిపోదని, దుష్ప్రభావాలు తక్కువని 'కొలిజన్' పేరిట జరిగిన అధ్యయనం వెల్లడించింది. దాని ఫలితాలు 2025లో ప్రచురితమైనవి.

అయితే ఇది అందరికీ వర్తించే చికిత్స కాదు. కణితి 5 సెంటీమీటర్లు దాటితే సూది వేడి ఒక్కటే చాలదు. పెద్ద రక్తనాళం పక్కన కణితి ఉంటే ప్రవహించే రక్తం వేడిని లాగివేస్తుంది. పిత్తనాళం, పేగులు సమీపంలో ఉంటే వాటికి గాయమయ్యే ప్రమాదమున్నది. పొట్టలో నీరు చేరినవారికి, రక్తం గడ్డకట్టే శక్తి బాగా తగ్గినవారికి వైద్యులు ముందుగా ఆ స్థితిని సరిదిద్దవలసి ఉంటుంది. చికిత్స తరువాత కొద్దిరోజులు నొప్పి, జ్వరం సాధారణం. రక్తస్రావం, చీము గడ్డ వంటివి అరుదు. దెబ్బతిన్న కాలేయంలో కొత్త కణితులు పుట్టవచ్చు కనుక నెల తరువాత ఒకసారి, ఆపై క్రమం తప్పకుండా స్కాన్ చేయించుకొనాలి.

ఆరు నెలలకొక పరీక్ష

చిన్న కణితి నొప్పి కలిగించదు. కామెర్లు, పొట్ట ఉబ్బు, బరువు తగ్గడం వంటి లక్షణాలు కనిపించేసరికి చాలామందిలో సూది చికిత్సకు అవకాశం దాటిపోయి ఉంటుంది. కాబట్టి లక్షణాల కోసం ఎదురుచూడరాదు. దీర్ఘకాల హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, మద్యపానం, మధుమేహంతో కూడిన ఫ్యాటీ లివర్ కారణంగా కాలేయం గట్టిపడిన వారు ప్రతి ఆరు నెలలకు అల్ట్రాసౌండ్, ఆల్ఫా ఫీటో ప్రోటీన్ రక్తపరీక్ష చేయించుకొనాలి. హెపటైటిస్ బి ఉన్న వారిలో కొందరికి కాలేయం గట్టిపడకముందే క్యాన్సర్ రావచ్చును. కామెర్లు వచ్చినప్పుడు పసరు మందుతో సరిపెట్టుకొని రక్తపరీక్షను వాయిదా వేయడం వలన విలువైన కాలం వృథా అవుతుంది.

హెపటైటిస్ బి టీకా 2011 నుండి దేశవ్యాప్తంగా శిశువుల టీకాల కార్యక్రమంలో భాగమైనది. అంతకుముందు జన్మించిన పెద్దలలో అనేకులు టీకా పొందలేదు. 2018 జూలై 28న ప్రారంభమైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు ఉచితంగా అందించబడుతున్నాయి.

అబ్లేషన్ కోసం విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ వంటి నగరాలలో శిక్షణ పొందిన నిపుణులున్న ఆసుపత్రులకు వెళ్ళవలసి ఉంటుంది. అయితే కణితిని తొలిదశలో పట్టుకొనే అల్ట్రాసౌండ్ పరీక్ష కోసం అంతదూరం వెళ్ళనక్కరలేదు. అది అమలాపురంలోనే లభిస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీగా ప్రారంభమై, ప్రస్తుతం ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో అమలవుతున్న పథకం తమకు ఏ మేరకు వర్తిస్తుందో ఆసుపత్రిలోని పథకం సహాయ కేంద్రంలో ముందుగా తెలుసుకొనడం మంచిది.

ఈ చికిత్సను గురించి వ్రాసేటప్పుడు, చెప్పేటప్పుడు 'కోత లేదు' అన్న మాటతో పాటు 'కణితి చిన్నదైతేనే' అన్న మాటను కూడా ప్రజలకు తెలియజేయవలసిన అవసరమున్నది. హెపటైటిస్, సిర్రోసిస్ రోగులకు తదుపరి స్కాన్ తేదీని ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది గుర్తుచేయగలిగితే, మరింత మందికి సూదితోనే చికిత్స పొందే అవకాశం మిగులుతుంది.