అయిదక్షరాల ‘క్యూ’ పదాలు

ఆంగ్ల వర్ణమాలలోని 26 అక్షరాలలో ‘క్యూ’ వలె పరాధీనమైన అక్షరం మరొకటి లేదు. వెంట ‘యు’ లేనిదే అది అడుగు కదపదని బడిలోనే మనకు నేర్పినారు. అయితే ఆ అక్షరంతో ఆరంభమై, సరిగా అయిదక్షరాలలో ముగిసే మాటలను ఏరి ఒకచోట కూర్చి చూచినచో, ఆ నియమం ఎట్లు వచ్చినదో, ఎక్కడ సడలినదో, సడలిన చోట మన ఉర్దూ తెలుగు భాషలకు గల సంబంధం ఏమిటో తెలియగలదు. అది వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట నియమానికి కట్టుబడిన మాటలను చూతము. ‘క్వైర్’ అనగా 24 లేక 25 ఠావుల కాగితపు కట్ట. మన కాగితపు దుకాణాలలో దీనినే దస్తా అంటారు. ‘క్వెర్న్’ అనగా చేతితో త్రిప్పే తిరుగలి. ‘క్వోత్’ అనగా ‘అనెను’ అని అర్థం. నేటి ఆంగ్లంలో ఈ క్రియకు భూతకాలమే తప్ప వర్తమాన రూపం లేదు. మనం బస్సుకొరకు నిలబడే ‘క్యూ’ కూడా అయిదక్షరాల మాటయే. ఫ్రెంచి భాషలో దీనికి తోక అని అర్థం. మొదటి అక్షరం పేరు పలికితే మాట పూర్తి అవుతుంది. తక్కిన నాలుగక్షరాలకు ఉచ్చారణయే లేదు. విజ్ఞానశాస్త్రం కూడా ఈ కోవకు కొత్త మాటలను చేర్చినది. పరమాణు గర్భంలోని సూక్ష్మ కణాలకు 1964లో ముర్రే గెల్‌మాన్ ‘క్వార్క్’ అని పేరు పెట్టినాడు. ఆ మాట వర్ణక్రమాన్ని ఆయన 1939లో వెలువడిన జేమ్స్ జాయిస్ నవల ‘ఫినెగన్స్ వేక్’ నుండి గ్రహించినాడు.

ఇక నియమం చరిత్ర. ప్రాచీన ఆంగ్లేయులు రాణిని సూచించే ‘క్వీన్’ వంటి మాటలను ‘క్యూ’తో వ్రాయలేదు, ‘సి’ ప్రక్కన వకారాన్ని చేర్చి వ్రాసినారు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట, ఫ్రెంచి లాటిను అలవాటుగల లేఖకులు ‘క్యూ-యు’ జంటను ఆంగ్లంలో స్థిరపరచినారు. కనుక ఈ నియమం ఉచ్చారణ అవసరం నుండి పుట్టినది కాదు; ఒక లేఖన సంప్రదాయం నుండి వచ్చినది.

ఇప్పుడు నియమాన్ని దాటిన అయిదక్షరాల మాటలు చూడండి. మొదటిది ‘ఖిబ్లా’: నమాజు చేయువారు అభిముఖులయ్యే కాబా దిశ. మన ప్రాంతం నుండి అది పడమరకు కొంచెం ఉత్తరంగా ఉన్నది. రెండవది ‘ఖనాత్’: కొండవాలులోని భూగర్భ జలాన్ని స్వల్పమైన వాలుగల సొరంగం ద్వారా, యంత్రం లేకుండానే, దూరపు పొలాలకు చేర్చే కాలువ. ఇరానులోని 11 ఖనాతులను 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది. బీదరు వద్ద బహమనీల కాలంలో త్రవ్విన ఇట్టి కాలువను కారేజ్ అంటారు. మూడవది ‘ఖోర్మా’: మన హోటళ్ళలో పరోటాతో వడ్డించే కుర్మా. ఈ మూడింటిలోను ‘క్యూ’ ప్రక్కన ‘యు’ లేదు. ఇవి ఉర్దూలో ‘ఖాఫ్’ అనే అక్షరంతో ఆరంభమయ్యే మాటలు కనుక, ఆ ధ్వనిని చూపుటకే ఆంగ్ల నిఘంటువులు ‘క్యూ’ను ఒంటరిగా నిలిపినవి.

ఇందులో ఒక విశేషం కలదు. ఫినీషియనుల ‘ఖోఫ్’ అనే అక్షరమే గ్రీకుల ద్వారా లాటిను చేరి ‘క్యూ’ అయినది. అదే అక్షరం అరమాయిక్ లిపుల ద్వారా అరబ్బీకి చేరి ‘ఖాఫ్’ అయినది. అనగా ఖిబ్లా అనే మాటను ‘క్యూ’తో వ్రాసినప్పుడు, ఎన్నడో విడిపోయిన ఒకే ఇంటి బిడ్డలు తిరిగి కలిసినట్లయినది.

మరి తెలుగులో ఏమి జరిగినది? ఖాఫ్ ధ్వని నాలుక మొదలు కొండనాలుకను తాకగా పుట్టేది. దానికి తెలుగులో అక్షరం లేదు. అందుచేత అది కొన్ని మాటలలో కకారంగాను, కొన్నింటిలో ఖకారంగాను మారినది. కలం, కిస్తు, కవాతు, హక్కు, తాలూకా అనునవి మొదటి రకం. ఖైదీ, ఖరారు, ఖాయం అనునవి రెండవ రకం. హైదరాబాదు ప్రాంతపు దక్కనీ ఉర్దూలో ఖాఫ్ ‘ఖే’ వలె వినిపించుట మనకు తెలిసినదే. ఫలితంగా కలం, కుర్చీ అనే మాటలు తెలుగులో ఒకే అక్షరంతో మొదలైనను ఉర్దూలో వేర్వేరు అక్షరాలవి. ఖాయం, ఖాళీ కూడా అట్టివే. కుర్మాను ఖుర్మా అని వ్రాసినచో, షీర్ ఖుర్మాలోని ఖర్జూరపు ఖుర్మాకు, మాంసపు కూరకు భేదమే లేకుండాపోతుంది. అరబ్బీలో ఖాఫ్‌తో ‘ఖల్బ్’ అనగా హృదయం. కాఫ్‌తో ‘కల్బ్’ అనగా కుక్క. ఒక్క అక్షరం తేడా ఎంతటిదో దీనివలన గ్రహించవచ్చును.

ఇది కేవలం పండితుల చర్చ కాదు. ఖాఫ్‌తో మొదలయ్యే పేర్లుగల విద్యార్థులు మనలో అనేకులు కలరు. ఒకే పేరు ఒక పత్రంలో ఖాసిం, మరొక పత్రంలో కాసిం. ఆంగ్లంలో ఒకచోట ‘క్యూ’, మరొకచోట ‘కె-హెచ్’. పేరు ఒక్కటే, మనిషి ఒక్కడే. అయినను ఆ ఒక్క అక్షరం కారణంగా స్కాలర్‌షిప్పు గడువు దాటినవారిని, ప్రమాణపత్రాల కొరకు తిరిగి తిరిగి అలసినవారిని మేము చూచినాము. తల్లిదండ్రులు పలికినది ఒకటి, వ్రాసినవారు విన్నది మరొకటి. ఇందులో విద్యార్థి చేసిన తప్పు ఏమీ లేదు. కాని నష్టం అతనిదే.

కనుక కళాశాల సంఘం వారికి మా మనవి ఒక్కటే. ప్రవేశ సమయంలో ప్రతి విద్యార్థి పేరును ఉర్దూ, తెలుగు, ఆంగ్ల లిపులు మూడింటిలోను ఒకే వరుసలో వ్రాయించి, పదవ తరగతి ధ్రువపత్రంతో సరిచూచి, భేదమున్నచో ఆనాడే విద్యార్థికి తెలియజేయవలెను. దీనికి కావలసినది రిజిస్టరులో రెండు గడులు మాత్రమే. విద్యార్థులు కూడా తమ పేరుకు మూలమైన అక్షరమేదో ఇంటిలోని పెద్దలనడిగి తెలుసుకొని, ఒకే వర్ణక్రమాన్ని అంతటా పాటించవలెనని కోరుతున్నాము. పరాయి ధ్వని కొరకు ఆంగ్లం తన పాత నియమాన్ని సడలించుకొన్నది. మన పేర్ల కొరకు మనం ఈ కొంచెం శ్రద్ధ వహించలేమా?