గట్టు మీద సైకిలు

శుక్రవారం తెల్లవారుజామున అయిదు గంటలకి రూవి హై స్ట్రీట్ ఎలా ఉంటుందో మీలో ఎంతమంది చూశారు? బంగారం కొట్ల షట్టర్లు దించి ఉంటాయి, హారన్ల మోత ఉండదు, రోడ్డు దాటడానికి ఎవరి దయా అక్కర్లేదు. నేను అక్టోబరు ఆఖరు నుంచి మార్చి దాకా ఇంచుమించు వారం వారం చూస్తుంటాను. కారు వెనక రాక్ మీద మూడు సైకిళ్ళు, వెనక సీట్లో నిద్రమత్తులో మా వాడు, ముందు సీట్లో ఫ్లాస్కూ పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని మా ఆవిడ.

“సైకిలు తొక్కడానికి కారులో ఎనభై కిలోమీటర్లు పోవడమేమిటండీ?” అని మిత్రులు నవ్వుతారు. నవ్వవలసిన విషయమే. దాని వెనక కథ చెబితే మాత్రం అంత నవ్వు రాదు.

2019లో మా వాడికి ఏడేళ్ళు. కొత్త సైకిలు కొని నెల కూడా కాలేదు. మా బిల్డింగు వెనక పార్కింగ్ సందులో తొక్కుతున్నాడు, నేను కాపలా. వెనక్కి వస్తున్న కారు తగిలి పడ్డాడు. ఎడమ చేతి మణికట్టు విరిగింది. కారాయన తప్పేమీ లేదు, రెండు బళ్ళ మధ్యనుంచి వచ్చే చిన్న సైకిలు అద్దంలో కనపడదు. చూడవలసినవాణ్ణి నేను. నేనేమో పది అడుగుల దూరంలో, అటు తిరిగి, ఆగిపోయిన సర్వరు గురించి క్లయింటుతో ఫోనులో మాట్లాడుతున్నాను.

కట్టు ఆరు వారాల్లో తీసేశారు. సైకిలు బాల్కనీలో చేరి తువ్వాళ్ళు ఆరేసుకునే స్టాండుగా స్థిరపడింది. “ఇక ఆ మాట ఎత్తకండి” అంది మా ఆవిడ. వాడూ మళ్ళీ అడగలేదు. నిజం చెప్పాలంటే, వాడు అడగకపోవడమే నాకు హాయిగా ఉండేది.

2023 వసంతంలో ప్రాజెక్టు పని మీద మూడు నెలలు నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఉన్నాను. అక్కడ పొద్దున్నే ఆరేళ్ళ పిల్లలు బడికి సైకిళ్ళ మీద పోతుంటే మొదటి వారమంతా చూడలేక తల తిప్పుకున్నాను. “మీకేం, పుట్టుకతో వచ్చిన విద్య” అన్నాను ఒకరోజు ఆఫీసులో. పక్క బల్ల పెద్దాయన ఒప్పుకోలేదు. ఆ దేశంలో 1971లో రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మూడు వందల మంది చనిపోయారట, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలే. కూతుర్ని పోగొట్టుకున్న ఒక పాత్రికేయుడు పత్రికలో రాశాడు, తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చారు, “పిల్లల హత్య ఆపండి” అన్న అర్థం వచ్చేలా ఉద్యమానికి పేరే పెట్టేశారు. అంతలో 1973 చమురు సంక్షోభం. అరబ్బు దేశాలు చమురు ఆపేస్తే, ఆ ఏడాది నవంబరు 4 నుంచి డచ్చి ప్రభుత్వం ఆదివారాలు కార్లు నిషేధించింది. హైవేల మీద జనం సైకిళ్ళు తొక్కారు, పిల్లలు స్కేటింగ్ చేశారు. సైకిలు దారులు ఆ తర్వాత కట్టుకుంటూ వచ్చినవే, ఆకాశం నుంచి ఊడిపడలేదు.

ఆ వారాంతం సైకిలు అద్దెకు తీసుకుని పడమటి వైపు పచ్చిక పొలాల్లోకి పోయాను. ఎత్తు లేదు, పల్లం లేదు. రెండు పక్కలా నీళ్ళ బోదెలు, నడుమ గట్టు, గట్టు మీద కంకర దారి. కారు రాదు, రావడానికి వీల్లేకుండా మొదట్లోనే కట్టె పాతేశారు. కొన్నిచోట్ల కంకర బదులు సముద్రపు గుల్లలు నలగ్గొట్టి పరుస్తారు, టైరు కింద అప్పడాలు విరిగినట్టు చప్పుడు. దారి తప్పే ప్రసక్తి లేదు. కూడలి కూడలికీ అంకె వేసిన గుంజ ఉంటుంది, 34 నుంచి 61కి, 61 నుంచి 12కి అని చీటీ రాసుకుని పోవడమే. కంప్యూటర్ వాళ్ళకి చెప్పనక్కర్లేదు, నోడ్లూ ఎడ్జీలూ! దీన్ని కనిపెట్టింది మాత్రం మనవాళ్ళు కాదు, పొరుగున బెల్జియంలో ఒక గనుల ఇంజనీరు. గనిలో సొరంగాల కూడళ్ళకి అంకెలు వేసే పద్ధతిని 1995లో సైకిలు దారులకి తెచ్చాడు.

పది కిలోమీటర్లు పోయాక ఆగి నీళ్ళు తాగుతుంటే అనిపించింది, ఇది నాకు తెలిసిన ఊరే కదా అని. పాలకొల్లు దగ్గర మా ఊరి కాలవగట్టు! అదే చదును, అదే నీళ్ళు, కొబ్బరిచెట్లు లేవంతే. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక పారిన కాలవలు అవి. మా నాన్నగారు బడిపంతులు, ఆ గట్టు మీదే రోజూ సైకిలు మీద వెళ్ళొచ్చేవారు. ముందు బార్ మీద నేను. అన్నట్టు, పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్ళు బట్టల వ్యాపారానికి వచ్చి పాలకొల్లులో ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. ఆ నేల చూసి వాళ్ళకి సొంత ఊరు గుర్తొచ్చిందో లేదో!

రూవికి తిరిగొచ్చాక చదును నేల వేట మొదలుపెట్టాను. మన రూవి చుట్టూ బోడికొండలే. ఒకప్పుడు ఇక్కడా చదునైన ఖాళీ జాగా ఉండేది, 1973లో సీబ్ విమానాశ్రయం తెరిచేదాకా మస్కట్ విమానాలు దిగింది బైత్ అల్ ఫలజ్ కోట పక్కన, ఈ రూవి లోయలోనే. ఇప్పుడు అక్కడ సైకిలు కాదు కదా, కారు నిలపడానికే చోటు దొరకదు. చివరికి దొరికింది బర్కా. బాతినా మైదానం అక్కడ బల్లపరుపుగా ఉంటుంది. పెద్ద రోడ్డు వదిలి సముద్రం వైపు మళ్ళితే ఖర్జూరపు తోటల మధ్య, మట్టి గోడల పక్కన కంకర బాటలు.

మొదటి శుక్రవారం మా వాడు సైకిలెక్కలేదు. కొత్తది, పదకొండేళ్ళ వాడికి సరిపోయేది కొన్నాను. నడిపించుకుంటూ నా పక్కన రెండు కిలోమీటర్లు వచ్చాడు. రెండో శుక్రవారమూ అంతే. నేనేమీ అనలేదు. ధైర్యం చెప్పే అర్హత నాకు లేదని తెలుసు. మా ఆవిడ మాత్రం తణుకులో కాలేజీకి తొక్కిన మనిషి, ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కి, ఒక్కసారి తూలి, తోట చివరిదాకా పోయి వచ్చింది. 

మూడోసారి వాడు ఒక గోడ నీడన కూర్చుని వాచీ చూస్తూ కార్లు లెక్కపెట్టాడు. నలభై నిమిషాల్లో ఒకే ఒక్క పికప్, వెనక మేకలు. దాని దుమ్ము కిలోమీటరు దూరం నుంచే కనపడింది. వాడు లేచి హెల్మెట్ పెట్టుకుని, “నాన్నా, మీ ఫోను కార్లో పెట్టి వస్తారా?” అన్నాడు.

వాడికి గుర్తుందన్నమాట. నాలుగేళ్ళుగా ఎవ్వరితోనూ అనలేదు. నేను కారు దగ్గరికి నడిచి వెళ్ళి, ఫోను డాష్‌బోర్డులో పెట్టి, అక్కడ రెండు నిమిషాలు ఉండి వచ్చాను. ఆరోజు వాడు ఆరు కిలోమీటర్లు తొక్కాడు.

ఆ బాటల మీద చూడవలసిన సంగతి ఇంకొకటి ఉంది, పిల్లలూ. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ తలలు ఎండిన ఖర్జూరపు చెట్లు, పాడుబడ్డ తోటలు కనిపిస్తాయి. ఎందుకో తెలుసా? మోటార్లు పెట్టి బావుల్లో నీళ్ళు మితిమీరి తోడేసరికి భూమి లోపలి మంచినీటి మట్టం తగ్గి, ఆ ఖాళీలోకి సముద్రపు నీరు వచ్చేసింది. డచ్చివాళ్ళు నీళ్ళు తోడి సముద్రం దగ్గర నేల సంపాదించుకున్నారు, ఇక్కడ తోడితే సముద్రమే లోపలికొచ్చింది. అందుకే వాన నీరు ఊరికే సముద్రంలోకి పోకుండా భూమిలో ఇంకాలని 1985లో అల్ ఖోద్ దగ్గర ఆనకట్ట కట్టారు. మీ బాబు చేత బావి నీళ్ళు రుచి చూపించమని అడగకండి, నేను చూశాను, చాలు.

రావాలనుకునే వాళ్ళకి నాలుగు మాటలు. గ్రావెల్ సైకిలే కొనక్కర్లేదు, టైరు నలభై మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండి, గాలి కాస్త మెత్తగా ఉంచితే చాలు. గట్టిగా కొడితే కంకరలో జారుతుంది. ముళ్ళు మాత్రం మన పాత శత్రువే. ఊళ్ళో సర్కారు తుమ్మ అంటామే, అది ఇక్కడా ఉంది! స్పేర్ ట్యూబులు రెండు పెట్టుకోండి. తొమ్మిదిన్నరకల్లా ముగించండి. కొండల్లో వాన అని తెలిస్తే వాదీల దగ్గరికే పోవద్దు. తోట గేట్లలోకి దూరకండి, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, ఎదురైన వాళ్ళకి సలాం చెప్పండి. ఒక ఒమానీ తాత మమ్మల్ని చూసినప్పుడల్లా “తఫద్దల్” అని పిలిచి ఖావా, ఖర్జూరాలు పెడతాడు. మా పులిహోర తిని, కారమని కళ్ళనీళ్ళు తుడుచుకుని, ఇంకాస్త పెట్టించుకున్నాడు.

మా వాడిప్పుడు ఎనిమిదో తరగతి. మాతో పాటు తొక్కడు, ముందుకు పోతాడు. తోట మలుపు దగ్గర కనుమరుగవుతాడు, దుమ్ము మాత్రం కనిపిస్తుంది. ఆ రెండు మూడు నిమిషాలు నా నోటి దాకా వాడి పేరు వస్తుంది. మా ఆవిడ నా వంక చూస్తుంది, నేను పిలవను. నా ఫోను ఎలాగూ కార్లోనే ఉంటుంది, అత్యవసరానికి ఆవిడ సంచీలో ఆవిడ ఫోను ఉంది.

రాక్ మీద ఇంకొక సైకిలుకి చోటుంది. శుక్రవారం అయిదింటికి బయల్దేరతాం, అయిదూ పదికి కాదు.