విత్తం – విశ్వాసం

సంస్థను నడిపేవారు మదుపరులకు జవాబుదారులుగా ఉండే విధానమే కార్పొరేట్ పాలన. దాని ఆవశ్యకతను చాటిన ఉదంతం హైదరాబాదులోనే జరిగింది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్, ఖాతాల్లో చూపిన నగదు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని లేఖ ద్వారా అంగీకరించారు. ఆడిటర్లు, స్వతంత్ర డైరెక్టర్లు ఉండి కూడా అంతవరకు మోసం బయటపడలేదు. అనంతరం వచ్చిన 2013 కంపెనీల చట్టం, లిస్టెడ్ కంపెనీలు ఒకే ఆడిట్ సంస్థను వరుసగా 10 ఏళ్లకు మించి కొనసాగించరాదని నిర్దేశించింది.

స్నాతకోత్తర విద్యార్థులు ఇటువంటి ఉదంతాలను, చట్టాలను కలిపి అధ్యయనం చేస్తారు. సుస్థిర విత్తం ఈ జవాబుదారీతనాన్ని ప్రకృతికీ, భావితరాలకూ విస్తరింపజేస్తుంది. భారత ప్రభుత్వం 2023 జనవరిలో తొలిసారిగా హరిత బాండ్లను జారీ చేసింది. అటువంటి నిధులు సౌరవిద్యుత్తు వంటి పర్యావరణహిత కార్యాలకే వ్యయమయ్యాయా అని పరిశీలించడం ఈ శాస్త్రంలో భాగం. లెక్కలు సరిపోయినంత మాత్రాన విద్యార్థి బాధ్యత తీరదు. అవి నిజమో కాదో నిగ్గు తేల్చాలి.