ప్లంబింగ్ వ్యాపారం: అనుజ్ఞ, పన్ను, బీమా నిబంధనలు - తెలుగు రాష్ట్రాల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ప్లంబింగ్ వ్యాపారం ప్రారంభించే వ్యక్తికి వర్తించే అనుజ్ఞ, పన్ను, బీమా నిబంధనలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఒకే పనివాడిని వేర్వేరు చట్టాలు వేర్వేరు పేర్లతో గుర్తిస్తున్నాయి. ఒకచోట అతను వృత్తిదారుడు, ఒకచోట వ్యాపారి, ఒకచోట సేవాదాత, మరొకచోట యజమాని. మొదటి మూడు పేర్లూ అతని వద్ద వసూలు చేసేవి. నాలుగవ పేరు అతనిపై పెట్టే బాధ్యత వాటన్నిటికన్నా భారమైనదైనా, దాని గురించిన ఎరుకే అతి తక్కువగా ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ప్లంబింగ్, వృత్తి, లైసెన్సు, వస్తు సేవల పన్ను, వృత్తి పన్ను, ఉద్యోగుల నష్టపరిహారం, బీమా.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో ‘వృత్తి’ అనగానే కుమ్మరం, కమ్మరం, వడ్రంగం వంటి కులవృత్తులు స్ఫురిస్తాయి. వాటికి ఇంటి పెద్దలే గురువులు, ఊరే గిరాకీ. ప్లంబింగ్ ఈ వరుసలోకి రాదు. గొట్టాల ద్వారా ఇంటింటికీ నీరు అందే ఏర్పాటుతో పుట్టిన పని ఇది. హైదరాబాదు నగరానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అందివచ్చిన తరువాతనే నగరంలో ఈ పనికి విస్తృతి ఏర్పడింది. ఆంధ్రప్రాంతంలో కుళాయి, తెలంగాణలో నల్లా అని పేర్లు వేరైనా, దానిని బిగించే మనిషిని మాత్రం ఇరుచోట్లా ప్లంబరు అనే అంటారు. ఎల్బో, టీ, బెండు, సాకెట్ అని పనిముట్ల భాష అంతా ఆంగ్లం నుంచి వచ్చి తెలుగు ఉచ్చారణలో స్థిరపడింది. పనిచేసేవారిలోనూ ఒడిశాలోని కేంద్రాపడా వంటి జిల్లాల నుంచి వచ్చినవారు గణనీయంగా కనిపిస్తారు.

కులవృత్తికి లేని ఒక దశ ఈ పనికి ఉంది. మేస్త్రీ దగ్గర హెల్పరుగా చేరి పని నేర్చుకొన్న వ్యక్తి ఏదో ఒకనాడు సొంతంగా పని ఒప్పుకొని, తన కింద మరో హెల్పరును పెట్టుకొంటాడు. అతని దృష్టిలో ఇది కేవలం ఎదుగుదల. చట్టం దృష్టిలో మాత్రం అతని స్థానం ఆ రోజుతో మారిపోతుంది.

2. అనుజ్ఞ - పనికా, చోటుకా?

రాజ్యాంగంలోని 19(1)(జి) అధికరణం ఏ వృత్తినైనా, వ్యాపారాన్నైనా చేపట్టే స్వేచ్ఛను పౌరునికి ఇస్తుంది. 19(6) అధికరణం ఆ వృత్తికి అవసరమైన సాంకేతిక అర్హతలను నిర్ణయించే అధికారాన్ని రాజ్యానికి ఇస్తుంది. వైద్యం, న్యాయవాదం వంటి రంగాలలో ఈ అధికారాన్ని వినియోగించి జాతీయస్థాయి చట్టాలు చేశారు. ప్లంబింగ్‌కు అటువంటి కేంద్రచట్టం లేదు. నీరు, ప్రజారోగ్యం, స్థానికపాలన ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాకు చెందినవి. 12వ షెడ్యూలు నీటిసరఫరాను పురపాలక సంస్థల విధులలో చేర్చింది. అందువల్ల ప్లంబరు అనుజ్ఞ స్థానికసంస్థ నిబంధనలపై ఆధారపడిన విషయమైంది.

ఈ విషయంలో మార్గదర్శకంగా ఉన్నది జాతీయ భవన నిర్మాణ నియమావళి. 1970లో తొలిసారి వెలువడిన ఈ నియమావళి 1983, 2005, 2016 సంవత్సరాలలో సవరణలు పొందింది. దీనిలోని 9వ భాగం ప్లంబింగ్ సేవలకు సంబంధించినది. లైసెన్సు పొందిన ప్లంబరు ద్వారానే నీటి, మురుగునీటి గొట్టాల పని జరగాలని అది నిర్దేశిస్తుంది. అయితే ఈ నియమావళికి తనంతట తానుగా చట్టబలం లేదు. రాష్ట్రమో స్థానికసంస్థో తన నిబంధనలలో స్వీకరించినంత మేరకే అది అమలవుతుంది. ప్రధాన గొట్టం నుంచి కొత్త కనెక్షను తీసుకొనే సందర్భంలో లైసెన్సు ప్రశ్న ఎదురుకావచ్చును గాని, ఇంటిలోపల గోడ తొలిచి పైపు మార్చే పనివాడిని ఆ ప్రశ్న అడిగేవారు ఆచరణలో అరుదు.

వ్యాపారం పెట్టేవారు ‘లైసెన్సు తీసుకొన్నాం’ అని చెప్పేది చాలా సందర్భాలలో మరొకటి. అది పురపాలక సంస్థ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు. హైదరాబాదు మహానగర పాలక సంస్థ చట్టం, 1955లోని 521వ సెక్షను దీనికి ఆధారం. నగరంలో ఈ లైసెన్సు రుసుమును దుకాణం వైశాల్యాన్ని బట్టి, దాని ముందున్న రోడ్డు వెడల్పును బట్టి లెక్కిస్తారు. అంటే ఇక్కడ కొలుస్తున్నది చోటును, చేతిపనిని కాదు. దుకాణమో కార్యాలయమో తెరిస్తే 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద నమోదు కూడా అవసరం కావచ్చును. ఉద్యమ్ నమోదు వీటికి భిన్నం. 2020 జులై 1 నుంచి అమలులో ఉన్న ఈ ఏర్పాటు ఆధార్ ద్వారా ఉచితంగా లభిస్తుంది. రుణాలకు, ప్రభుత్వ పథకాలకు ఉపకరిస్తుంది గాని అది అనుజ్ఞాపత్రం కాదు. రుసుము తీసుకొని ‘ఉద్యమ్ లైసెన్సు’ ఇప్పిస్తామని చెప్పే మధ్యవర్తుల మాటలో రెండు అసత్యాలున్నాయి.

పనితనానికి సాక్ష్యంగా నిలిచేది ఐటీఐలో ఏడాదిపాటు సాగే ప్లంబర్ కోర్సు ధ్రువపత్రం. అనుభవంతో నేర్చినవారికి పూర్వాభ్యసన గుర్తింపు పద్ధతిలో పరీక్షించి పత్రం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. పెద్ద నిర్మాణసంస్థల పనులు ఆశించేవారికి ఈ పత్రాలు ఉపయోగపడతాయి.

3. పన్ను - వృత్తిదారుడు, వ్యాపారి, సేవాదాత:

3.1 వృత్తి పన్ను, ఆదాయపు పన్ను:

1987 నాటి ఆంధ్రప్రదేశ్ వృత్తి పన్ను చట్టం, తెలంగాణ స్వీకరించిన దాని రూపం ఇక్కడ వర్తిస్తాయి. రాజ్యాంగంలోని 276వ అధికరణం ఈ పన్నుకు ఏడాదికి 2,500 రూపాయల గరిష్ఠ పరిమితి విధించింది. 1988లో 60వ సవరణ రాకముందు ఆ పరిమితి 250 రూపాయలు. మొత్తం చిన్నదే. అయితే హెల్పరుకు జీతమిచ్చే వ్యక్తి, ఆ జీతం పన్ను పరిధిలోకి వస్తే, దానిని మినహాయించి చెల్లించవలసి ఉంటుంది.

వృత్తి పన్ను చట్టం ‘వృత్తి’ పేరుతో పలకరించిన ఈ మనిషినే ఆదాయపు పన్ను చట్టం వ్యాపారిగా చూస్తుంది. వైద్యులు, న్యాయవాదులు, ఇంజినీర్లు మొదలైనవారి ‘వృత్తి’కి ఊహాజనిత ఆదాయ విధానంలో వసూళ్లలో 50 శాతాన్ని ఆదాయంగా లెక్కిస్తే, 1961 చట్టంలోని 44ఏడీ సెక్షను కింద చిన్న వ్యాపారికి ఆ లెక్క 8 శాతం. సొమ్ము బ్యాంకు లేదా డిజిటల్ మార్గంలో వస్తే 6 శాతం. ఏడాదికి 20 లక్షలు బ్యాంకు ద్వారా వసూలైతే పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 1,20,000 రూపాయలు. ఈ విధానంలో ఖాతాపుస్తకాల నిర్వహణ అవసరం లేదు. తెలుగులో వృత్తి అన్న మాటకున్న గౌరవం పోయి వ్యాపారి కావడం ఇక్కడ లాభమే.

నిర్మాణసంస్థల నుంచి గుత్తకు పని తీసుకొనేవారికి మరో విషయం ఎదురవుతుంది. 194సి సెక్షను ప్రకారం ఒక చెల్లింపు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా, వ్యక్తులకు చెల్లించే సొమ్ములో 1 శాతం మూలంలోనే కోత పడుతుంది. పాన్ ఇవ్వకపోతే అది 20 శాతం. రిటర్ను దాఖలు చేయనివారికి ఆ సొమ్ము తిరిగిరాదు. పన్ను కట్టవలసినంత ఆదాయం లేదు కనుక రిటర్ను అక్కరలేదనుకొనే పనివారు నష్టపోయేది ఇక్కడే. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించే 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల సంఖ్యలు మారాయి గాని ఈ రెండు ఏర్పాట్లూ కొనసాగుతున్నాయి.

3.2 వస్తు సేవల పన్ను:

2017 జులై 1 నుంచి అమలైన ఈ పన్నులో ప్లంబరు సేవాదాత. సేవల విషయంలో రెండు రాష్ట్రాలలోనూ నమోదు పరిమితి ఏడాదికి 20 లక్షల టర్నోవరు. కేవలం వస్తువులు అమ్మేవారికి 2019 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆ పరిమితి 40 లక్షలైంది. తెలంగాణ మాత్రం పాత పరిమితినే ఉంచుకొంది. అందువల్ల పైపులు మాత్రమే అమ్మే దుకాణానికి విజయవాడలో ఒక లెక్క, వరంగల్లులో ఒక లెక్క. అదే దుకాణదారుడు ఫిట్టింగు పని కూడా ఒప్పుకొంటే రెండుచోట్లా 20 లక్షలే. భవనంలో సామగ్రితో సహా బిగించి ఇచ్చే పని చట్టం దృష్టిలో ‘వర్క్స్ కాంట్రాక్టు’. దానిని సేవగానే పరిగణిస్తారు.

పనివారి వాడుకలో ఉన్న ‘లేబర్ రేటు’, ‘విత్ మెటీరియల్’ అనే మాటల మధ్య ఉన్న తేడా ఇక్కడ చట్టపరమైన తేడాగా మారుతుంది. ఒక ఇంటి పనిలో సామగ్రి 3 లక్షలు, కూలి లక్ష అనుకొంటే, సామగ్రి ఇంటివారే కొన్నప్పుడు ప్లంబరు టర్నోవరు లక్ష. అతనే కొని బిగిస్తే 4 లక్షలు. అటువంటి ఐదు పనులకే 20 లక్షల గీత దగ్గరకు చేరుతాడు. గీత దాటితే బిల్లుపై 18 శాతం పన్ను వేయాలి. 50 లక్షల లోపు టర్నోవరు గల సేవాదాతలకు 6 శాతం చెల్లించే కాంపొజిషన్ పద్ధతి ఉంది. అయితే వారు ఆ పన్నును గిరాకీదారు వద్ద వసూలు చేయరాదు, సామగ్రిపై కట్టిన పన్నును తిరిగి పొందలేరు.

అపార్టుమెంటు సముదాయంలో భాగం కాని ఒకే ఇంటి కొత్త నిర్మాణంలో, సామగ్రి లేకుండా కేవలం కూలికి చేసిన పనికి పన్ను మినహాయింపు ఉంది. అదే ఇంటిలో పదేళ్ల తరువాత జరిగే మరమ్మతుకు ఆ మినహాయింపు లేదు. మినహాయింపు పొందిన పని విలువ కూడా మొత్తం టర్నోవరు లెక్కలో కలుస్తుంది. ఆన్‌లైన్ వేదికల ద్వారా పని పొందే ప్లంబరు ప్రస్తావన ఈ చట్టవ్యవస్థలో ప్రత్యేకంగా ఉంది. 2017 ఆగస్టులో వచ్చిన ప్రకటన గృహసేవలకు ఉదాహరణలుగా ప్లంబింగ్, వడ్రంగం పనులను పేరుతో చెప్పింది. పనివాడు నమోదు పరిమితి దాటనివాడైతే ఆ సేవపై పన్ను చెల్లించవలసింది వేదికే.

4. బీమా - యజమాని:

ప్లంబింగ్ వ్యాపారి తప్పనిసరిగా తీసుకొనే బీమా ఏది అన్న ప్రశ్నకు అత్యధికుల విషయంలో సమాధానం బండి బీమా. 1988 మోటారు వాహనాల చట్టంలోని 146వ సెక్షను కింద పనిముట్లు మోసే ద్విచక్రవాహనానికైనా, ట్రాలీ ఆటోకైనా తృతీయపక్ష బీమా ఉండాలి. పనికి సంబంధించి అటువంటి నిర్బంధం లేదు. 1991 నాటి ప్రజాబాధ్యత బీమా చట్టం పేరు చూసి ఇది ప్లంబరుకూ వర్తిస్తుందని భావించే అవకాశం ఉంది. భోపాల్ దుర్ఘటన నేపథ్యంలో వచ్చిన ఆ చట్టం ప్రమాదకర రసాయనాలను నిర్వహించేవారికి సంబంధించినది.

మూడవ అంతస్తులో వేసిన జాయింటు వదులై కింది ఇంటి ఫాల్స్ సీలింగ్ పాడైతే, ప్లంబరుపై 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవాలోపం ఫిర్యాదు రావచ్చును. దీనికి స్వచ్ఛందంగా తీసుకొనే బాధ్యత బీమా ఉంది. సాధారణంగా ఇటువంటి పాలసీలు కలిగిన నష్టాన్ని భరిస్తాయి గాని లోపం ఉన్న పనిని తిరిగి చేసే ఖర్చును భరించవు.

అసలు భారం హెల్పరు విషయంలో ఉంది. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం 2009 సవరణతో ఉద్యోగుల నష్టపరిహార చట్టమైంది. పనిలో, పని కారణంగా ప్రమాదం జరిగితే యజమాని తప్పు ఉన్నా లేకున్నా పరిహారం చెల్లించాలన్నది దాని సూత్రం. ఈఎస్ఐకి పదిమంది ఉద్యోగులుండాలన్న సంఖ్యాపరిమితి ఉంది. ఈ చట్టానికి అటువంటి పరిమితి లేదు. ఒక్క హెల్పరున్నా చాలును. మరణిస్తే నెల వేతనంలో సగాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చవేయాలి. 2020 జనవరిలో ప్రకటించిన వేతన పరిమితి 15,000 రూపాయలు. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. అంటే 7,500ను 207.98తో హెచ్చవేయగా వచ్చే 15,59,850 రూపాయలు. పైన ఆదాయపు పన్ను లెక్కలో చెప్పుకొన్న 1,20,000 పక్కన ఈ అంకెను ఉంచి చూస్తే, ఒక చిన్న వ్యాపారి 13 ఏళ్ల ఆదాయం కన్నా ఇది కొంచెం తక్కువ. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే పరిహారంలో సగం వరకు అపరాధ రుసుము పడవచ్చును. బీమా ఉన్నా ఆ అపరాధ రుసుమును యజమానే భరించాలని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, 2020లోని ఏడవ అధ్యాయం ఇదే సూత్రాన్ని కొనసాగించింది.

ఈ బాధ్యతకు సరిపోయే పాలసీని బీమా సంస్థలు ఇప్పటికీ ‘వర్క్‌మెన్ కాంపెన్సేషన్’ పేరుతోనే అమ్ముతున్నాయి. దీని ప్రీమియం వేతనాల మొత్తంపై, పని స్వభావంపై ఆధారపడుతుంది. వేతనాన్ని తక్కువ చేసి చూపితే ప్రీమియం తగ్గుతుంది, రక్షణ కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఏడాదికి 20 రూపాయలకు 2 లక్షల ప్రమాదబీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా, భవన నిర్మాణ కార్మికుల సంక్షేమమండలి సభ్యత్వం హెల్పరుకు మేలు చేసేవే. 18 నుంచి 60 ఏళ్ల మధ్య వయసుండి, గత పన్నెండు నెలలలో 90 రోజులు పనిచేసినవారు మండలిలో చేరవచ్చును. కాని ఇవి కార్మికునికి అందే సాయం మాత్రమే. యజమాని బాధ్యతను తీర్చేవి కావు.

5. బీమా తీర్చలేని బాధ్యత:

మురుగు గొట్టం పూడుకొన్నప్పుడు ఇంటివారు మొదట పిలిచేది ప్లంబరునే. గొట్టం బాగుచేయడానికి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడానికి మధ్య ఉన్న గీత ఇక్కడ అత్యంత కీలకమైనది. 2013 నాటి చట్టంలోని 7వ సెక్షను రక్షణ ఏర్పాట్లు లేకుండా మురుగుకాలువనో సెప్టిక్ ట్యాంకునో శుభ్రం చేసే పనికి ఎవరినీ ప్రత్యక్షంగా గాని పరోక్షంగా గాని నియోగించరాదని నిషేధించింది. తొలి అపరాధానికి రెండేళ్ల వరకు జైలు, 2 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ‘పరోక్షంగా’ అన్న మాట వల్ల, తాను దిగకుండా అడ్డా మీది కూలీని పిలిపించిన ప్లంబరు కూడా దీని పరిధిలోకి వస్తాడు. ఇటువంటి మరణాలకు 2014లో 10 లక్షలుగా నిర్ణయించిన పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 30 లక్షలకు పెంచింది. జైలుశిక్షను ఏ పాలసీ భరించదు.

పెద్ద భవనాలలో గుత్తకు చేసే పనిలో కార్మికుడు పరిహారాన్ని నేరుగా నిర్మాణదారు నుంచి కోరే హక్కు 1923 చట్టంలోని 12వ సెక్షను నుంచే ఉంది. అలా చెల్లించిన నిర్మాణదారు ఆ మొత్తాన్ని గుత్తకు తీసుకొన్న ప్లంబరు నుంచి రాబట్టుకోవచ్చునని అదే సెక్షను చెప్పింది. పని ఒప్పుకొనేటప్పుడు పాయింటుకు ఎంత, బాత్‌రూముకు ఎంత అని మాట్లాడుకొనే నోటిమాట ఒప్పందాలలో ఈ సంగతి ప్రస్తావనకు రాదు. బీమా ప్రీమియం ఎవరు కట్టాలన్నది పాయింటు రేటుతో పాటే కాగితం మీద రాసుకోవలసిన అంశం.